పంచాయతీ కంప్యూటరు తన హార్డ్ డిస్కును గుర్తింపనప్పుడు

పంచాయతీ కార్యాలయమందలి ఇనుప బీరువా ఒకనాటి ఉదయమున తెరచుకొనలేదనుకొందము. తాళపుచెవి తిరుగుట లేదు. అప్పుడు మనమేమి చేయుదుము? తాళములు బాగుచేయువానిని పిలిపింతుము. నూనె వేసి చూతుము. కడపట తలుపు పలకను కోయించియైనను లోపలి కాగితములను భద్రముగా వెలికి తీయుదుము. బీరువా తెరచుకొనలేదు గనుక దానిని కాగితములతో సహా కొలిమిలో వేయింతమని ఎవ్వరును అనరు. కాని కార్యాలయపు కంప్యూటరు తన హార్డ్ డిస్కును గుర్తింపనప్పుడు కొన్నిచోట్ల సరిగా ఈ పనియే జరుగుచున్నది. "ఫార్మాట్ చేసి విండోస్ మరల వేయించినచో సరిపోవును" అని ఎవరో ఒకరు చెప్పుదురు. గంట రెండుగంటలలో యంత్రము నడచును. అందరును సంతోషింతురు. లోపలనుండిన మూడేండ్ల ఇంటిపన్ను పట్టిక మాత్రము ఇక కనబడదు.

కంప్యూటరు వెల ఎంతయైనను దానిని మరల కొనవచ్చును. అందులోని విషయము అంగడిలో దొరకదు. అయితే ఏది పోవునో, ఏది పోదో సభ్యులు ముందుగా తెలిసికొనుట మంచిది. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ వంటి ఏర్పాటులలో మనము నమోదు చేసిన ప్రణాళికలు, జమాఖర్చులు దూరమందున్న సర్వరులలో నిలిచియుండును. మన డిస్కు పాడైనను అవి చెడవు. మరియొక కంప్యూటరునుండి చూచుకొనవచ్చును. పోవునవి వేరు. తీర్మానముల చిత్తుప్రతులు, మండలమునకును జిల్లాకును వ్రాసిన లేఖల నకళ్లు, పనులు జరుగుచుండగా తీసిన ఫోటోలు, స్కాను చేసి యుంచిన పాత రిజిస్టర్ల పుటలు, కార్యదర్శి తన సౌకర్యమునకై ఎక్సెల్‌లో వ్రాసికొనిన బకాయిల పట్టిక, నల్లా కనెక్షనుల జాబితా, ఇవన్నియు ఆ ఒక్క పెట్టెలోనే యుండును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద గ్రామస్థుడొకడు తన వీధి మురుగు కాలువ పని వివరములు కోరినపుడు, డిస్కు చెడిపోయినదను జవాబు అతనికి తృప్తినీయదు. ఈయవలసిన నియమమును లేదు.

నేను నివసించు మల్కాజ్‌గిరి ఇప్పుడు పల్లె కాదు. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలుపబడిన పన్నెండు పురపాలక సంఘములలో అది యొకటి. కంప్యూటర్లు ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1967లో స్థాపింపబడి, టీడీసీ అను పేరుతో స్వదేశీ కంప్యూటర్లను తయారుచేసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా మనవారు ఈసీఐఎల్ అని పిలుచు సంస్థ, ఇచ్చటికి కొద్ది కిలోమీటర్ల దూరముననే యున్నది. కంప్యూటరు విడిభాగములకు పేరుపడిన సికింద్రాబాదు పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటరు కూడ దగ్గరే. పైగా మేడ్చల్, మనోహరాబాదు, కామారెడ్డి మీదుగా నిజామాబాదు పోవు రైలుమార్గము మల్కాజ్‌గిరి నుండియే సాగుచున్నది. ఆ దారి పొడవునగల పల్లెలవారు చెడిన కంప్యూటరును సంచిలో పెట్టుకొని ఇచ్చట దిగి, స్టేషనునకు దగ్గరనున్న చిన్న మరమ్మతు దుకాణములను వెదకికొనుట నేను పలుమారులు చూచితిని.

అట్టి దుకాణమొకదానిలో నేను కూర్చుండియుండగా ఒకే దినమున రెండు కంప్యూటర్లు వచ్చినవి. రెండును పంచాయతీలవే. మొదటిదానిని ఒక సర్పంచిగారు దుప్పటిలో చుట్టి తెచ్చిరి. తెరమీద "నో బూటబుల్ డివైస్" అను అక్షరములు తప్ప మరేమియు వచ్చుట లేదని, గ్రామములో ఒక కుర్రవాడు డిస్కు కాలిపోయినదని తేల్చి చెప్పెనని అనిరి. మెకానిక్కు ప్రక్కపలక విప్పి లోపల టార్చి వేసి చూచెను. సన్నని ఎర్రని కేబులు ఒకటి తన అమరికలోనుండి సగము జారి వ్రేలాడుచుండెను. దానిని ఊడదీసి, తుడిచి, మరల గట్టిగా నొక్కి స్విచ్చి వేసెను. అంతే, విండోస్ వచ్చినది. కార్యాలయమునకు సున్నము వేయించినపుడు బల్లను జరిపిరట. ఆ కుదుపునకు కేబులు వదులైనది. సర్పంచిగారు నవ్వవలయునో, రానుపోను ఖర్చులకు విచారింపవలయునో తెలియక కొంతసేపు నిలుచుండిపోయిరి.

రెండవదాని సంగతి తరువాత చెప్పెదను.

ముందుగా హార్డ్ డిస్కు అననేమో కొంచెము తెలిసికొందము. అరచేతిలో ఇముడు లోహపు డబ్బాలో అల్యూమినియము లేక గాజు పలకలు బొంగరము వలె తిరుగుచుండును. వాటిపై అయస్కాంత గుణముగల పలుచని పూత కలదు. నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు తిరుగుచున్న ఆ పలకపై ఒక సూక్ష్మమైన ముల్లు తాకీ తాకనట్లు తేలుచు వ్రాయుచు, చదువుచు నుండును. పలకకును ముల్లునకును నడిమి ఎడము తల వెంట్రుక మందములో వేయవ వంతుకన్న తక్కువ. ఒక ధూళికణము అందులో చిక్కినను పూత గీచుకొనిపోవును. కనుకనే డబ్బా మూతను ఎన్నడును విప్పరాదు. విప్పి చూచెదమని ఎవరైన అన్నచో వారిని ఆపుట సభ్యుల ధర్మము. 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో రెండడుగుల వెడల్పుగల పలకలు ఏబది యుండెడివి. అది ఒక పెద్ద బీరువా యంతటి యంత్రము. అందులో పట్టినవి యేబది లక్షల అక్షరములు. మీ జేబులోని ఫోను తీయు ఒక్క ఫోటోయే ఇప్పుడు అంత చోటు నాక్రమించును. క్రొత్త కంప్యూటర్లలో తిరుగు పలకలకు బదులు ఎస్‌ఎస్‌డీ అను చిప్పుల డిస్కు వచ్చుచున్నది. అందులో కదలు భాగములు లేవు, చప్పుడును ఉండదు. దాని వేగము మెచ్చదగినదే కాని అది చెడునపుడు ముందుగా మూలుగక చెడును.

ఇక "గుర్తింపకపోవుట" అను మాట. దీనిలో రెండు వేరువేరు స్థితులు ఇమిడియున్నవి. వానిని విడదీసినచో సగము పని అయినట్లే. బడిలో ఉదయమున ఉపాధ్యాయుడు హాజరు వేయునట్లు, కంప్యూటరు స్విచ్చి వేసిన వెంటనే బయాస్ అను లోపలి ఏర్పాటు తనకు అమర్చిన భాగములన్నింటిని పేరుపేరున పిలుచును. డిస్కు పలికినచో పట్టికలో దాని పేరు ఎక్కును. తరువాతనే విండోస్ లేచి, ఆ డిస్కులోని ఫైళ్లను తెరచును. డిస్కు అసలు బడికే రాకపోవుట ఒకటి. బడికి వచ్చియు పాఠము చెప్పలేకపోవుట మరొకటి. మొదటిది సాధారణముగా తీగకో, విద్యుత్తునకో, డిస్కు యంత్రమునకో సంబంధించిన లోపము. రెండవది వ్రాతకు, అమరికలకు సంబంధించినది. ఈ భేదమును చూడక తీర్పు చెప్పువానికి పనిని అప్పగింపరాదు.

చూచుట కష్టము కాదు. కంప్యూటరును ఆపి, మరల స్విచ్చి వేసి, వెంటనే డిలీట్ అను మీటనుగాని, ఎఫ్2 మీటనుగాని మాటిమాటికి నొక్కవలెను. కొన్ని కంపెనీలలో ఎఫ్10 కావచ్చును. ఏ మీటయో తెర అడుగున క్షణకాలము కనబడును. తెరచుకొనిన పుటలో డిస్కు పేరు, దాని పరిమాణము ఉన్నవో లేవో చూచి, ఫోనుతో ఆ తెరను ఒక ఫోటో తీసికొని, ఏమియు మార్చక బయటికి రావలెను. ఆ ఫోటో మెకానిక్కునకు సగము రోగలక్షణము చెప్పును.

అన్నిటికన్న ముందు చేయదగినది, చెప్పుటకు కొంచెము సిగ్గుగా నుండునది ఒకటి కలదు. కంప్యూటరునకు తగిలించియుంచిన పెన్‌డ్రైవును తీసివేయవలెను. ముందురోజు ఎవరో మరచిపోయిన పెన్‌డ్రైవులో విండోస్ కొరకు వెదకి, అది దొరకక, "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" అని చెప్పి ఆగిపోవు యంత్రములు కలవు. దానిని తీసి మరల స్విచ్చి వేసినచో చాలును. ఇందుకై పట్టణమునకు బస్సెక్కినవారును కలరు.

పెన్‌డ్రైవు లేదు, బయాస్‌లో డిస్కు పేరును లేదు. అట్లయినచో పెట్టెను తెరవవలసియుండును. గోడలోని ప్లగ్గును పీకివేసి, ఒక నిమిషము ఆగి, పెట్టె ఇనుప భాగమును చేతితో తాకి (మన దేహమునందలి స్థిర విద్యుత్తు లోపలి భాగములకు హాని చేయకుండుటకు), ప్రక్కపలకను విప్పవలెను. డిస్కునకు రెండు తీగలు వచ్చును. వెడల్పైనది విద్యుత్తునకు, సన్నపాటిది సమాచారమునకు. రెంటిని ఊడదీసి మరల గట్టిగా అమర్పవలెను. అప్పటికిని పలుకకున్నచో సన్నని కేబులును మార్చి చూడవలెను. అది కొద్ది ధరకు దొరకు వస్తువు. తరువాత మదర్‌బోర్డుమీద అటువంటివే యైన ఇతర రంధ్రములలో పెట్టి చూడవలెను. ఒక రంధ్రము చెడినను ప్రక్కది పనిచేయవచ్చును. విద్యుత్తు తీగకు కూడ మరియొక కొన వ్రేలాడుచుండును, దానిని ఉపయోగింపవచ్చును. ఒకసారి ఒక మార్పు మాత్రమే చేయవలెను. నాలుగును ఒకేసారి మార్చినచో ఏది రోగమో తెలియక పోవును, రేపు మరల అదే తిప్పలు.

మన కార్యాలయములలో మరికొన్ని కారణములు కలవు. ఇవి పరదేశములలో వ్రాసిన పుస్తకములలో అంతగా కనబడవు. ఎలుకలు కేబులు తొడుగును కొరుకును. బల్లి లోపల దూరి గ్రుడ్లు పెట్టును. చీమలు కూడును. దుమ్ము దట్టముగా పేరి ఫ్యాను నిలిచిపోవును. పెట్టె వెనుక కార్డులు తీసిన ఖాళీ సందులను ఒక పలకతో మూయించుటకు పెద్ద ఖర్చు కాదు. కరెంటు హెచ్చుతగ్గులు మరియొక శత్రువు. వ్రాయుచున్న క్షణమున కరెంటు పోయినచో డిస్కులోని విషయసూచిక చెదరవచ్చును. యూపీఎస్ బ్యాటరీ చచ్చి రెండేండ్లయినను దానిని అలంకారమునకు ఉంచుకొనుట పలుచోట్ల కనబడుచున్నది. పిడుగులు పడు సాయంకాలములందు ప్లగ్గు తీసివేయుట ఉత్తమము. స్విచ్చి ఆపుట చాలదు.

బయాస్‌లోని తేదీ ఎన్నో యేండ్ల వెనుకటిదిగా కనబడినచో మదర్‌బోర్డుమీది నాణెమువంటి చిన్న బ్యాటరీ అయిపోయినదని ఎరుగవలెను. 2032 అను అంకె ముద్రించియుండు ఈ మూడు వోల్టుల బ్యాటరీ గడియారములలోను, చేతి రిమోటులలోను కూడ వాడబడుచున్నది. ఇది చచ్చినచో కంప్యూటరు తన అమరికలను మరచిపోవును. ఏ డిస్కునుండి మొదలిడవలెనో, డిస్కుతో ఏ పద్ధతిలో మాటలాడవలెనో తెలియక ఫ్యాక్టరీలో పెట్టిన పద్ధతికి పోవును. డిస్కు పట్టికలో కనబడుచునే యుండును. విండోస్ మాత్రము లేవదు. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, శాటా మోడ్ అను చోట మునుపున్న పద్ధతిని నిలిపినచో ప్రాణము లేచివచ్చును. మునుపేమి యుండెనో గుర్తుండుటకే పైన చెప్పిన ఫోటోను కంప్యూటరు మంచిగా నున్న దినములలోనే ఒకటి తీసి యుంచుకొనుట లాభకరము.

ఇంతవరకు చెప్పినవన్నియు నిర్భయముగా చేయదగినవి. ఇక్కడినుండి జాగ్రత్త వలయును.

డిస్కును ఊడదీసి మరియొక కంప్యూటరునకు తగిలించి చూచుట మంచి పరీక్ష. అక్కడ పలికినచో డిస్కు మంచిది, మన పెట్టెయే చెడ్డది. అయితే అట్లు తగిలించినపుడు విండోస్ ఒక ప్రశ్న అడుగవచ్చును. "యు నీడ్ టు ఫార్మాట్ ది డిస్క్" అనియో, "ఇనిషియలైజ్ డిస్క్" అనియో ఒక చిన్న పెట్టె తెరమీదికి వచ్చును. అనగా "ఈ డిస్కులోని వ్రాత నాకు అర్థమగుట లేదు, దీనిని క్రొత్తదిగా చేసికొనుమందువా?" అని అది అడుగుచున్నది. క్రొత్తగా కొనిన ఖాళీ డిస్కు విషయమున అవునని చెప్పుట తగును. మన రికార్డులున్న డిస్కు విషయమున అవునన్నచో విషయసూచికను మనమే తుడిచివేసినట్లగును. క్యాన్సిల్ అను మీట నొక్కి బయటికి రావలెను. యంత్రము మర్యాదగా అడిగినది గదా అని సరే అనుట మన మొగమాటపు అలవాటు. యంత్రమునకు మన విషయమై బాధ లేదు. అడుగుట దాని పని, కాదనుట మన పని.

డిస్కు ఉండియు ఫైళ్ల కిటికీలో కనబడకపోవుటకు ఒక స్వల్పకారణము కూడ ఉండవచ్చును. విండోస్ ప్రతి భాగమునకు సీ, డీ, ఈ అని అక్షరము నొకదానిని పేరుగా పెట్టును. ఆ అక్షరము ఏ కారణముచేతనైన తొలగినచో డిస్కు ఉన్నను కంటికి కనబడదు. డిస్క్ మేనేజ్‌మెంట్ అను చోట దానికి మరల అక్షరమిచ్చినచో వచ్చును. ఇందులో తుడిచివేత యేమియు లేదు. వెలుపల తగిలించు డిస్కయినచో దాని తీగను మార్చి, పెట్టె వెనుకవైపు రంధ్రములో పెట్టి చూడవలెను. ముందువైపు రంధ్రములు తరచుగా బలహీనముగా నుండును.

మరియొక స్థితి. తెర నీలమై నలువది యెనిమిది అంకెల తాళపుచెవిని అడుగుట. అది డిస్కు చెడుట కాదు. క్రొత్త విండోస్ యంత్రములలో బిట్‌లాకర్ అను తాళము కొన్నిట తానుగా పడియుండును. బయాస్‌లో మార్పులు జరిగినప్పుడు, లేక మదర్‌బోర్డు మార్చినపుడు, ఈ కంప్యూటరు నాది కాదేమో అను అనుమానముతో అది తాళపుచెవిని కోరును. ఆ యంకెలు యంత్రమును మొదట తెరచినపుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో సాధారణముగా భద్రపరుపబడియుండును. ఆ ఖాతా బదిలీయై వెళ్లిన కార్యదర్శి సొంత ఖాతాయైనచో పంచాయతీ తన సొమ్మునకు తానే పరాయిదగును. ఆయన ఊరు విడుచు నాటికే ఆ యంకెలను కాగితముపై వ్రాయించి, కవరులో పెట్టి, మోహరు వేసి బీరువాలో నుంచవలెను. చార్జి అప్పగింత జాబితాలో ఇది యొక వరుసగా చేరవలసిన విషయము.

ఇప్పుడు చప్పుడు సంగతి. తిరుగుపలకల డిస్కును చేతితో తాకి, చెవి దగ్గర పెట్టి వినవలెను. మంచి డిస్కు సన్నగా జుయ్యిమని తిరుగును. ఏ చప్పుడును, ఏ కదలికయు లేనిచో విద్యుత్తు అందుట లేదు, లేక లోపలి మోటారు గాని పలక గాని పనిచేయుట లేదు. టిక్కు, టిక్కు, టిక్కు అని తాళమువేసినట్లు వినబడినచో ముల్లు తన చోటు తెలియక వెదకుచున్నదని అర్థము. ఆ క్షణమున కరెంటు తీసివేయవలెను. మరల మరల స్విచ్చి వేసి, ఈసారి వచ్చునేమో యని చూచుట ఆశచేత చేయు అపకారము. తిరిగిన ప్రతిసారియు పూత గీచుకొనవచ్చును. డిస్కును ప్లాస్టిక్కు సంచిలో చుట్టి ఫ్రిజ్జిలో పెట్టుమని చెప్పువారు కలరు. అట్లు చేయరాదు, చల్లని పలకలపై తేమ పట్టి ఉన్నదియు పోవును. కొట్టుట, తట్టుట కూడ పాత రేడియోలతోనే సరి. ఇట్టి డిస్కును సమాచారమును వెలికితీయుటయే వృత్తిగా నున్నవారికి, దుమ్ములేని గదిలో విప్పు ఏర్పాటు గలవారికి ఈయవలెను. అది ఖర్చుతో కూడినది. ఆ ఖర్చు పెట్టదగునా లేదా అని నిర్ణయింపవలసినది పంచాయతీయే కాని దుకాణదారుడు కాదు. డిస్కులో ఏమున్నదో ఎరిగినవారు మీరు.

పలుకుచున్నను మందకొడిగా పలుకు డిస్కు, ఒక ఫైలు తెరచుటకు నిమిషములు తీసికొను డిస్కు, చెడుటకు సిద్ధముగా నున్నది. దానిని మొదట బాగుచేయబూనరాదు. మొదట నకలు తీయవలెను. డిస్కు మొత్తమును ఉన్నదున్నట్లుగా మరియొక డిస్కుమీదికి ఎత్తు సాధనములు కలవు. చదువరాని చోట్లను దాటి, తేలికగా వచ్చుదానిని ముందుగా తెచ్చుకొని, కష్టమైన చోట్లకు తరువాత తిరిగివచ్చు డీడీరెస్క్యూ అను ఉచిత సాధనము మెకానిక్కులలో చాలమంది ఎరిగినదే. బాగుచేయు ప్రయత్నములన్నియు ఆ నకలుమీద జరుగవలెను. రోగిని కాక రోగి నీడను కోసి చూచుకొను సౌకర్యము వైద్యులకు లేదు. ఈ విద్యలో కలదు, వాడుకొనవలెను.

ఇప్పుడు రెండవ కంప్యూటరు. దానిని తెచ్చిన కార్యదర్శి చదువుకొనిన యువకుడు. ఆయన యంత్రము బాగుగనే నడచుచుండెను. విండోస్ వచ్చుచున్నది, తెర స్వచ్ఛముగా నున్నది. "నాకు కంప్యూటరు బాగు చేయనక్కరలేదు, నా ఫైళ్లు కావలెను" అని ఆయన అడిగెను. వారము క్రిందట అది డిస్కును గుర్తింపలేదట. దగ్గరి పట్టణమున ఎవరికో ఇచ్చిరట. వారు ఏమియు అడుగక ఫార్మాట్ చేసి, విండోస్ క్రొత్తగా వేసి, బాగైనదని ఇచ్చిరి. ఆ తరువాత వారము దినములు కార్యాలయములో అదే కంప్యూటరుతో పనులు సాగినవి.

ఇక్కడ ఒక మాట తెలియవలెను. తిరుగుపలకల డిస్కును త్వరిత పద్ధతిలో ఫార్మాట్ చేసినను వ్రాత అంతయు వెంటనే పోదు. పుస్తకపు విషయసూచిక చింపివేసినట్లగును. పుటలు లోపలనే యుండును. వెంటనే కరెంటు తీసి నిపుణునకు ఇచ్చినచో చాలవరకు తిరిగివచ్చును. కాని పైన విండోస్ వేసినచో ఆ పుటలమీద క్రొత్త వ్రాత పడును. తరువాత వాడిన ప్రతి దినమున మరికొన్ని పుటలు పోవును. ఎస్‌ఎస్‌డీ అయినచో ఈ పాటి గడువు కూడ ఉండదు. తుడిచిన చోటును అది తానే త్వరలో ఖాళీ చేసికొనును. మెకానిక్కు రాత్రియంతయు యంత్రమును నడిపెను. మరునాడు ఫోటోలు కొన్ని వచ్చినవి, పేర్లు లేక, వట్టి అంకెలతో. ఏది ఏ కాలువదో, ఏది ఏ రోడ్డుదో గ్రామమున తిరిగి చూచి పోల్చుకొనవలసినదే. ఇంటిపన్ను పట్టిక రాలేదు. రసీదు పుస్తకముల ప్రతులు బీరువాలో నుండుటచేత వానినుండి మరల వ్రాసికొందునని ఆయన చెప్పెను. కాగితపు రసీదులు మానివేయవలెనని నిరుడు సభలో వాదించినవాడు తానేనని కూడ చెప్పెను.

ఈ కారణముచేత దుకాణమునకు పంపునపుడు పాటింపదగిన పద్ధతి నొకదానిని సూచించుచున్నాను. కంప్యూటరు పెట్టెపై ఒక కాగితము అంటింపవలెను. "పంచాయతీ వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఇందులోని డిస్కును ఫార్మాట్ చేయరాదు" అని పెద్ద అక్షరములతో తెలుగులో వ్రాయవలెను. డిస్కుపై ముద్రించియున్న క్రమసంఖ్యను రసీదుపై వేయించుకొనవలెను. డిస్కు మార్చినచో పాతదానిని తిరిగి తీసికొనవలెను. అది పంచాయతీ ఆస్తి మాత్రమే కాదు, గ్రామస్థుల ఆధారు సంఖ్యలు, ఫించను వివరములు అందులో నుండవచ్చును. మెకానిక్కులను అనుమానించుట నా యుద్దేశము కాదు. నేనెరిగిన మల్కాజ్‌గిరి కుర్రవాండ్రు పదిమందిలో తొమ్మండుగురు అడిగినచో నిజము చెప్పుదురు. మనము అడుగము. "త్వరగా నడపుము" అని మాత్రమే అందుము. వారు త్వరగా నడపుదురు.

నకళ్ల విషయము. ఒకే ప్రతి యున్న రికార్డు లేనట్టిదేయని పాత కరణములు కూడ ఎరుగుదురు. అసలు ప్రతి కంప్యూటరులో నుండగా, వారమునకొకసారి ఒక వెలుపలి డిస్కుమీదికి నకలు తీసి, పని కాగానే ఊడదీసి బీరువాలో పెట్టవలెను. ఎల్లప్పుడును తగిలించియుంచిన నకలు, పిడుగు పడినను వైరసు వచ్చినను అసలుతోపాటే పోవును. మూడవ ప్రతి కార్యాలయపు గోడలకు వెలుపల నుండవలెను. మండల కార్యాలయమున నొక డిస్కు ఉంచి నెలకొకమారు మార్చుకొనవచ్చును. లేక ప్రభుత్వము ఇచ్చిన ఈమెయిలు, నిల్వ సదుపాయములను వాడుకొనవచ్చును. గ్రామస్థుల వివరములను ఎవరి సొంత ఖాతాలోనో ఉంచుట తగదు. ఇంటిపన్ను డిమాండు పట్టికను మాత్రము ఏటికొకసారి ముద్రించి, పుటపుటకు సంతకములు చేయించి కుట్టించియుంచుట నా అభిప్రాయమున మానరాని పని. నకలు తీసితిమని రిజిస్టరులో వ్రాసికొనుట చాలదు. మూడు నెలలకొకసారి, ఆ నకలునుండి ఏదో ఒక తీర్మానమును మరియొక కంప్యూటరులో తెరచి సభ్యులు కంటితో చూడవలెను. సమావేశమున కావలసినది పది నిమిషములు. ఖాళీ డిస్కును ఏడాది పాటు భద్రముగా బీరువాలో దాచుకొనినవారున్నారు.

బొత్తిగా చెడిపోయి, నకలు కూడ తీసికొనిన పాత డిస్కును పాత ఇనుపసామానులవానికి అమ్మరాదు. పనిచేయని డిస్కునుండియు ఓపిక గలవాడు వివరములను తీయగలడు. నిర్వాహకుల సమక్షమున డ్రిల్లుతో పలకలకు అడ్డముగా మూడు నాలుగు రంధ్రములు చేయించి, 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ననుసరించి నమోదైన రీసైక్లరునకు ఈయవలెను. ఎస్‌ఎస్‌డీ అయినచో లోపలి చిప్పులను ఒక్కొక్కదానిని పగులగొట్టించవలెను. ఒక చిప్పు మిగిలినను అందులో కొంత మిగులును. స్టాకు రిజిస్టరులో క్రమసంఖ్య, తేదీ, సమక్షమున నున్న ఇద్దరు సభ్యుల సంతకములు వేయించి ఆ వరుసను మూయవలెను.